బేకన్ చుట్టిన హాలపీనోలు: చీజ్ కారకుండా, బేకన్ కరకరలాడేలా

మిరపకాయను నిలువునా చీల్చి, లోపల ఏదో కూరి, బయట ఇంకేదో చుట్టి వేడివేడిగా తినడం మనకేమీ కొత్త విద్య కాదు. బజ్జీల బండి దగ్గర చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అక్కడ వాము, చింతపండు పెట్టి, శనగపిండిలో ముంచి నూనెలో వేస్తారు. ఇక్కడ టెక్సాస్‌లో హాలపీనో అనే లావుపాటి పచ్చిమిరపకాయలో క్రీమ్ చీజ్ కూరి, బేకన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసపు పల్చటి పట్టీ) చుట్టి ఒవెన్‌లో పెడతారు. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) రోజున, జులై 4న, ఎవరి పెరట్లోనైనా గ్రిల్ వెలిగిన సాయంత్రం ఈ ట్రే ఒకటి కనిపిస్తుంది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల పాట్‌లక్‌లలోకి (తలా ఒక వంట తెచ్చే విందుల్లోకి) కూడా వచ్చేసి, చికెన్ 65 పక్కన దర్జాగా కూర్చుంటోంది.

చూడ్డానికి చాలా తేలిక. అసలు చిక్కు అక్కడే ఉంది. నేను మొదటిసారి చేసినప్పుడు చీజ్ అంతా కారి ట్రేకి అంటుకుని మాడింది. మిరపకాయ గుజ్జయింది. బేకన్ మాత్రం ఇంకా తెల్లగా, రబ్బరులా సాగుతూ ఉంది. పైగా ఆ పొగకి స్మోక్ అలారం మోగి, పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు తట్టారు. ఓ పదిసార్లు చేశాక గానీ విషయం బోధపడలేదు. ఇందులో ఉన్న మూడు వస్తువులు మూడు వేరువేరు టైముల్లో ఉడుకుతాయి. చీజ్ అయిదు నిమిషాల్లో కరుగుతుంది, మిరపకాయ పావుగంటకి మెత్తబడుతుంది, బేకన్‌లో కొవ్వు కరిగి కరకరలాడటానికి ఇరవై, పాతిక నిమిషాలు పడుతుంది. కాబట్టి బేకన్‌ని తొందరపెట్టాలి, చీజ్‌ని ఆపాలి. కింద చెప్పే ప్రతి చిన్న పనీ ఈ రెండింట్లో ఏదో ఒకదాని కోసమే.

ఏమేం కావాలి

24 ముక్కలకి లెక్క చెబుతున్నాను. ఆరేడుగురికి మొదటి రౌండ్‌లో సరిపోతాయి.

హాలపీనోలు 12. బేకన్ పట్టీలు 12, అంటే ఒక పౌండు ప్యాకెట్ తెస్తే ఇంకా నాలుగైదు మిగులుతాయి. క్రీమ్ చీజ్ 8 ఔన్సుల దిమ్మ ఒకటి (226 గ్రాములు). తురిమిన చెడార్ చీజ్ ఒక కప్పు. వెల్లుల్లి రెండు రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర, అర చెంచా వేయించిన జీలకర్ర పొడి. ఉప్పు వద్దు. బేకన్‌ని ఉప్పులోనే ఊరబెడతారు, చెడార్‌లో కూడా ఉప్పు ఉంటుంది. చేతి అలవాటు కొద్దీ చిటికెడు వేసినా తర్వాత నీళ్లు తాగుతూ కూర్చోవాలి.

జీలకర్ర, కొత్తిమీర నా సొంత చేర్పు. టెక్సాస్ వాళ్లు ఇందులో స్మోక్డ్ పాప్రికా, గార్లిక్ పౌడర్ వేస్తారు. అదీ బాగుంటుంది.

సామాన్ల విషయానికొస్తే, అంచులున్న బేకింగ్ ట్రే ఒకటి, దాని మీద పట్టే వైర్ ర్యాక్ ఒకటి ఉండాలి. ర్యాక్ లేకుండా చేయొచ్చా అని అందరూ అడుగుతారు. చేయొచ్చు గానీ బేకన్ తన కొవ్వులో తానే మునిగి, అడుగు భాగం మెత్తగా ఉండిపోతుంది. పది, పదిహేను డాలర్లలో దొరుకుతుంది, కొనేయండి. చేతులకి గ్లవుజులు కూడా పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మిరపకాయలు ఏరడం

హాలపీనోకి ఆ పేరు మెక్సికోలోని వెరాక్రూజ్ రాష్ట్రపు రాజధాని హలాపా ఊరి మీదుగా వచ్చింది. కారం కొలిచే స్కోవిల్ లెక్కలో ఇది 2,500 నుంచి 8,000 మధ్య ఉంటుంది. గుంటూరు సన్నాలు 35,000 దాటతాయి. కాబట్టి మన నాలుకకి భయం లేదు. కాకపోతే ఒకే బుట్టలో ఉన్న కాయల్లో ఒకటి క్యాప్సికమ్‌లా చప్పగా, దాని పక్కది చెవుల్లోంచి పొగ వచ్చేలా ఉండొచ్చు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు 1980ల మొదట్లో కారం తగ్గించిన రకం ఒకటి తెచ్చారు. ఇప్పుడు షాపుల్లో కొన్న కాయ చప్పగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఏరేటప్పుడు తిన్నగా, లావుగా, ఇంచుమించు ఒకే సైజులో ఉన్నవి తీసుకోండి. మూడు అంగుళాల పొడవు చాలు. వంకర కాయని చీల్చితే ఒక పక్క చీజ్ నిలవదు. తొక్క మీద తెల్లటి సన్నని గీతలు కనిపిస్తే అది చెడిపోయిన గుర్తు కాదు, కాయ బాగా ముదిరింది అని. కాస్త కారం కోరుకునేవాళ్లు అలాంటివే ఏరుకోవచ్చు. పిల్లలు తింటారనుకుంటే నున్నగా మెరిసేవి తీసుకోండి. గోరుతో నొక్కి చూడండి, గట్టిగా ఉండాలి. మెత్తగా ఉన్నది ఒవెన్‌లో నిలబడదు.

బేకన్ ఏది కొనాలి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. షాపులో 'థిక్ కట్' అని దళసరిది కనిపిస్తే అదే మంచిదేమో అనిపిస్తుంది. ఉదయం గుడ్డుతో తినడానికి మంచిదే. చుట్టడానికి పనికిరాదు. దాని మందం మామూలు దానికి ఇంచుమించు రెట్టింపు, అది కాలేలోపు లోపలి చీజ్ ట్రేలోకి చేరుతుంది. మామూలు మందంలో ఉన్నది, పౌండుకి 16 నుంచి 20 పట్టీలు వచ్చేది తీసుకోండి.

ప్యాకెట్‌ని వెనక్కి తిప్పితే చిన్న కిటికీలాంటి పారదర్శకమైన చోటు ఉంటుంది, అందులోంచి ఒక పట్టీ పూర్తిగా కనిపిస్తుంది. కొవ్వు, మాంసం చారలు చారలుగా సగం సగం ఉన్నది చూసుకోండి. మరీ తెల్లగా ఉంటే ఒవెన్‌లో ముడుచుకుని తాడులా అయిపోతుంది. మరీ ఎర్రగా ఉంటే ఎండిపోయి గట్టిపడుతుంది. మేపుల్, బ్రౌన్ షుగర్ పట్టించిన రకాలు ఈ పనికి వద్దు, పంచదార ముందే మాడుతుంది. ఇక 'అన్‌క్యూర్డ్' అని రాసి ఎక్కువ ధరకి అమ్మేదాంట్లో కూడా సాధారణంగా సెలెరీ పొడి రూపంలో నైట్రైట్ (మాంసం నిలవ ఉండటానికి వేసే లవణం) ఉంటుంది. ఆ మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇంట్లో దళసరిదే ఉందంటే ఒక మార్గం ఉంది. పేపర్ టవల్ మీద పరిచి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం, నిమిషంన్నర తిప్పండి. అంచుల్లో కొవ్వు గాజులా మెరవడం మొదలవ్వాలి, పట్టీ మాత్రం ఇంకా వంగుతూ ఉండాలి. గట్టిపడితే చుట్టేటప్పుడు విరిగిపోతుంది.

చీల్చి, ఈనె తీయడం

ముందు గ్లవుజులు. మిరపకాయలు కోయడం నాకేం కొత్తా అనుకుని వట్టి చేతులతో 12 కాయలు గోకాను. రెండు గంటల తర్వాత కాంటాక్ట్ లెన్సులు తీసేటప్పుడు తెలిసొచ్చింది. కారంగా ఉండే క్యాప్సెయిసిన్ అనే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పది సార్లు కుళాయి కింద కడిగినా పోదు. గ్లవుజులు లేకపోతే చేతులకి ముందే కాస్త నూనె రాసుకోండి. పని అయ్యాక మళ్లీ నూనె రుద్ది, గిన్నెలు తోమే సబ్బుతో కడగండి.

తొడిమ తీసేయకండి. కత్తి మొన తొడిమ మధ్యలో పెట్టి, దాన్ని కూడా రెండుగా చీలుస్తూ నిలువునా కోయండి. రెండు ముక్కలకీ సగం సగం తొడిమ మిగలాలి. తినేటప్పుడు పట్టుకోవడానికి అది పిడి, కాల్చేటప్పుడు చీజ్ ఆ పక్కనుంచి జారకుండా అదే గట్టు.

ఇప్పుడు లోపల చూడండి. తొడిమ దగ్గర నుంచి కాయ మధ్యకి ఒక తెల్లటి ఈనె దిగి ఉంటుంది, దానికి గింజలు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. కారం గింజల్లో ఉంటుందని మనవాళ్లందరి నమ్మకం. నిజానికి కారం తయారయ్యేది ఈ తెల్లటి ఈనెలో. గింజలు దానికి ఆనుకుని ఉంటాయి గనక వాటికీ అంటుతుంది. కాబట్టి గింజలు దులిపేసి ఈనె వదిలేస్తే కారం ఎక్కడికీ పోదు. చిన్న చెంచా తీసుకుని, దాని అంచుని తొడిమ కింద ఈనె మొదట్లో గుచ్చి, కాయ కొస వైపు ఒక్క లాగు లాగండి. పడవ గుల్లలా శుభ్రంగా వచ్చేస్తుంది. కారం కావాలంటే కొన్నింట్లో ఈనె సగం ఉంచండి, కానీ అవేవో గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు కోసం వాటి మీద ఒక్కో కొత్తిమీర ఆకు అంటించి బేకన్ చుడతాను.

కూరడం

క్రీమ్ చీజ్‌ని ఓ గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. మెత్తబడ్డాక చెడార్, దంచిన వెల్లుల్లి, తరిగిన కొత్తిమీర, జీలకర్ర పొడి వేసి చెంచాతో కలపండి. ప్యాకెట్లలో వచ్చే తురుము అంటుకోకుండా పిండిపదార్థం చల్లి ఉంటుంది, అందువల్ల సరిగా కరగదు. దిమ్మ కొని తురుముకుంటే మేలు.

మిరపకాయ ముక్క లోపల తడి ఉంటే పేపర్‌తో ఒత్తండి. తర్వాత చీజ్ పెట్టి, కాయ అంచుకి సమంగా కత్తి వీపుతో చదును చేయండి. గోపురంలా పెట్టాలని చేయి ఊరుకోదు. ఊరుకోబెట్టండి. అంచు పైన ఉన్నదంతా ట్రేలోకే పోతుంది. కొంచెం చీజ్ మిగిలితే బ్రెడ్ మీద రాసుకోండి.

కూరిన ముక్కల్ని ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి. ఈ ఒక్కటీ మానేస్తే పైన చేసిన జాగ్రత్తలు సగం వృథా. చల్లగా గట్టిపడిన చీజ్ ఒవెన్‌లో ఆలస్యంగా కరుగుతుంది, ఈలోపు బేకన్ బిగుసుకుని దాన్ని పట్టేస్తుంది. పార్టీ సాయంత్రమైతే ఉదయమే కూరి, చుట్టి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచేసుకోవచ్చు కూడా.

చుట్టడం

బేకన్‌ని ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి పని మొదలుపెట్టండి. వెచ్చబడితే పట్టీలు ఒకదానికొకటి అతుక్కుని చిరుగుతాయి. అడ్డంగా సగానికి కోస్తే 12 పట్టీలు 24 అవుతాయి. ముక్కకి సగం పట్టీ.

కాయని చీజ్ పైకి ఉండేలా అరచేతిలో పట్టుకోండి. పట్టీ ఒక కొసని కాయ అడుగున పెట్టి, అక్కడి నుంచి ఏటవాలుగా పైకి తెచ్చి, చీజ్ మీదుగా తిప్పి, మళ్లీ అడుగుకి తీసుకెళ్లండి. రెండు చుట్లు వస్తాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందులో చీజ్ కొద్దిగా కనిపించాలి. చుట్టు మీద చుట్టు పడితే, కింద దాక్కున్న భాగానికి వేడి తగలదు. తినేటప్పుడు పంటి కింద ఆ ఒక్కచోట తెల్లటి మెత్తటి కొవ్వు తగిలి మొహం ముడుచుకుంటుంది. రెండు కొసలూ కాయ అడుగునే ఉండాలి. ర్యాక్ మీద పెట్టినప్పుడు కాయ బరువే వాటిని పట్టి ఉంచుతుంది, ఇక టూత్‌పిక్ అక్కర్లేదు. గ్రిల్ మీద చేసేటప్పుడు మాత్రం గుచ్చండి. ముందు అరగంట నీళ్లలో నానబెట్టి గుచ్చితే పుల్ల మాడదు.

చుట్టేటప్పుడు బిగించి లాగకండి. బేకన్ కాలేకొద్దీ ముడుచుకుంటుంది. ముందే బిగుతుగా ఉంటే కాయని నొక్కి, చీజ్‌ని టూత్‌పేస్ట్‌లా బయటికి తోసేస్తుంది.

ఒవెన్‌లో

ఒవెన్‌ని 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (దాదాపు 205 సెల్సియస్) ముందే వేడి చేయండి. ట్రేలో అల్యూమినియం ఫాయిల్ అంచుల దాకా పరిచి, పైన ర్యాక్ పెట్టి, ముక్కల్ని ఒకదానికొకటి తగలకుండా వరసగా పేర్చండి. మధ్య అరలో పెట్టండి.

మొదటి పది నిమిషాలు ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. తర్వాత చిటపటలు మొదలవుతాయి, కొవ్వు చుక్కలు చుక్కలుగా ఫాయిల్ మీద పడుతుంటుంది. పావుగంటకి ట్రేని ముందు వెనక్కి తిప్పండి, ఎందుకంటే చాలా ఒవెన్లలో వెనక వైపు వేడి ఎక్కువ. పొగ వస్తోందనిపిస్తే 375కి తగ్గించి ఓ అయిదు నిమిషాలు పొడిగించండి. అలారం కథ మళ్లీ చెప్పను, చిమ్నీ ఫ్యాన్ మాత్రం మొదటి నుంచే వేసుకోండి.

22వ నిమిషం నుంచి చూస్తూ ఉండండి. అయిందో లేదో గడియారం చెప్పదు, బేకన్ చెబుతుంది. తెలుపు ఎక్కడా కనిపించకూడదు, కొవ్వు చారలు కూడా తేనెరంగుకి తిరగాలి, అంచులు కాస్త ముదురు గోధుమరంగులోకి రావాలి. చిటపట చప్పుడు కూడా తగ్గుతుంది. కొవ్వులో నీరు చాలావరకు పోయిందని దానర్థం. రంగు చాలలేదంటే చివర్లో బ్రాయిల్ (పైనుంచి మాత్రమే మంట తగిలే సెట్టింగ్) మీద ఒకటి రెండు నిమిషాలు, అదీ ఒవెన్ ముందే నిలబడి. ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నారంటే మాడిపోయినట్టే.

బయటికి తీశాక అయిదు నిమిషాలు ర్యాక్ మీదే వదిలేయండి. బేకన్ చల్లారేటప్పుడు గట్టిపడుతుంది, అప్పుడే కరకర వస్తుంది. పైగా లోపల చీజ్ లావాలా ఉంటుంది, తొందరపడితే నాలుక కాలుతుంది. కారం నశాళానికి అంటినవాళ్లకి నీళ్లు ఇవ్వకండి, మజ్జిగో పాలో ఇవ్వండి.

ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్లు 370 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు పెట్టొచ్చు. ఒక్కసారికి ఎనిమిది ముక్కలకి మించి పట్టవు. బుట్ట కింద అరలో ఒక బ్రెడ్ ముక్క వేస్తే కారిన కొవ్వు పీల్చుకుని పొగ రాకుండా చూస్తుంది.

పాట్‌లక్‌కి తీసుకెళ్తుంటే

మనవాళ్లలో శాకాహారులు ఉంటారు, కోడీ మేకా తిని పంది ముట్టనివాళ్లు ఉంటారు, ముస్లిం స్నేహితులు ఉంటారు. ట్రే మీద పేరు రాసి పెట్టండి. చీజ్ మిర్చి అనుకుని ఎవరైనా కొరికాక చెప్పడం బాగుండదు.

శాకాహార ట్రే చేయాలంటే అదే చీజ్, అదే మిరపకాయ. బేకన్ బదులు పైన వెన్నలో కలిపిన బ్రెడ్ పొడి చల్లి, వేరే ట్రేలో 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. అది ఎప్పుడూ బేకన్ ట్రే కంటే పై అరలో ఉండాలి, లేదా ముందే కాల్చి తీసేయాలి. కింద పెడితే ఏ చుక్క ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇంకొకటి, చీజ్ లేబుల్ కూడా చదవండి. కొన్ని చెడార్‌లలో పాలు గడ్డకట్టడానికి వాడే రెన్నెట్ దూడ పొట్ట నుంచి తీస్తారు. మైక్రోబియల్ రెన్నెట్ లేదా వెజిటేరియన్ రెన్నెట్ అని ఉన్నది ఎంచుకుంటే ఇబ్బంది ఉండదు. పంది తినని వాళ్ల కోసం బీఫ్ బేకన్, టర్కీ బేకన్ దొరుకుతాయి. టర్కీ దాంట్లో కొవ్వు తక్కువ, కాబట్టి పైన కొద్దిగా నూనె రాయండి, లేకపోతే అట్టలా ఎండిపోతుంది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో చేసుకునేవాళ్లకి హాలపీనో దొరక్కపోతే బజ్జీ మిరపకాయ వాడొచ్చు. దాని గోడ పల్చన, త్వరగా మెత్తబడుతుంది. అందుకని బేకన్‌ని పైన చెప్పినట్టు మైక్రోవేవ్‌లో సగం కాల్చి చుట్టి, ఒవెన్‌లో 15 నిమిషాలకి చూసుకోండి. గడ్డకట్టిన బేకన్ ప్యాకెట్ అయితే ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింద అరలోకి మార్చాలి. బయట పెట్టి కరిగించకండి.

బల్ల మీద రెండు గంటలకి మించి ఉంచకండి, టెక్సాస్ ఎండల్లో పెరట్లో అయితే గంటే. ట్రేలో మిగిలిన కొవ్వుని సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది. చల్లారాక వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, బంగాళాదుంప వేపుడుకి ఒక చెంచా వేస్తే తెలుస్తుంది దాని సంగతి. ముక్కలు మిగలడం అరుదు. మిగిలితే మైక్రోవేవ్ జోలికి పోకుండా 350లో ఆరేడు నిమిషాలు ఒవెన్‌లో పెట్టి, చల్లటి పెరుగన్నంలో చల్లమిరపకాయకి బదులు నంజుకోండి.